ఫోటోలో పట్టని మునివెంకటమ్మ

జ్ఞానప్రకాశానికి కాలు ఒకచోట నిలవదు. కె.ఆర్.పురంలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. బోర్డుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే పాఠం చెబుతాడు. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయినా, స్థిరపడ్డ మనిషిలా ఎప్పుడూ కనిపించడు. అలాంటివాడు కదలకుండా నిలబడేది ఏడాదికి ఒక్కసారే. సంఘ వార్షికోత్సవం నాడు, ఆరాధన అయ్యాక, తన పాత కెమెరా పట్టుకుని.

వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘం టైర్ల షాపు మీది అద్దె హాల్లో కూడుకుంటుంది. ఏటా అందరూ కలిసి దిగిన ఫోటోకి ఫ్రేము కట్టించి అక్కడే గోడకు తగిలిస్తారు. హాలు చిన్నది, జనం ఎక్కువ. ప్రకాశం వెనక్కి జరిగి జరిగి వీపు గోడకు ఆనించినా ఫోటో చివర ఎవరో ఒకరు తెగిపోతారు. మెట్ల దగ్గర అందరి చెప్పులకూ కాపలా కాసే మునివెంకటమ్మ ఆఖర్న పరుగున వచ్చి చివర నిలబడుతుంది కాబట్టి, తెగేది ఎప్పుడూ ఆవిడే. ఒక ఏడు భుజం కనిపిస్తుంది, ఇంకో ఏడు కొంగు.

ఇన్నేళ్లూ ఈ సంగతి ప్రకాశం కంట పడనేలేదు. వార్షికోత్సవం దగ్గర పడుతుండగా, ఫ్రేముల దుమ్ము తుడుస్తూ ఆవిడే అనేసింది.

"ఈ తూరి ఫోటోకి నేను రానులేప్పా. ఇదో, ఈ కొంగు నాది. కొంగు కోసరం అంతసేపు నిలబడేది దేనికి? చెప్పులన్నా చూసుకుంటా ఉంటాను."

నవ్వుతూనే అంది. ప్రకాశానికి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గోడ మీద ఫోటోలన్నీ తను తీసినవే. ఒక్కదాంట్లోనూ ఆవిడ మొహం లేదు.

ఇక ఆయనకు అన్నం సహిస్తే ఒట్టు. ఉన్నచోటి నుంచే గదంతా పట్టేసే అల్ట్రా వైడ్ లెన్స్ కావాలి. మంచివి చూస్తే ఆయన కెమెరా కంటే ఖరీదు. వెతికి వెతికి నెట్‌లో చవకలో కొత్తది ఒకటి తెప్పించాడు. అది కెమెరాకి బుద్ధిగా బిగుసుకుంది గానీ, బొమ్మంతా మసక. చేత్తో ఫోకస్ రింగు తిప్పినా కుదరలేదు. ఆ రింగు కూడా లోపలి మోటారుతోనే పనిచేస్తుందట, ఈకాలపు లెన్సు మోటారును ఆ పాత కెమెరా నడపలేదట. అది కొనేముందు చూసుకోవాలి. ఈయనకు చూసుకునే ఓపికెక్కడిది? తిట్టుకుంటూ వాపసు పంపేసి మళ్లీ గదిలో పచార్లు మొదలుపెట్టాడు.

"కాసేపు కూర్చోండి. మీరు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది భార్య ప్రేమకుమారి. ఆస్పత్రిలో నర్సుగా డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది. "వెనక గోడ పగలగొట్టి జరుగుతారా ఏంటి?"

"ఓనరు ఒప్పుకుంటే అదే చేద్దును."

శనివారం చిక్కపేట వెళ్లాడు. తోపుడు బళ్లను తప్పించుకుంటూ, చీరల షాపుల మధ్య సెకండ్ హ్యాండ్ కెమెరాలమ్మే దీపక్ కొట్టు పట్టుకున్నాడు. దీపక్ అలమరలోంచి బరువైన పాత లెన్సొకటి తీశాడు. అది తనంతట తాను ఫోకస్ చేసుకోదు, ప్రతిసారీ రింగు తిప్పుకోవాల్సిందే. ఈసారి ప్రకాశం అక్కడే బిగించి చూశాడు. కొట్టు రెండు గోడలూ, దీపకూ, అతని టీ గ్లాసూ, కిందన తన బూట్ల మొనలూ అన్నీ పట్టాయి. పట్టరాని సంతోషం వేసింది.

"నిదానంగా తిప్పాల సార్. అర్జెంట్ చేస్తే రాదు" అన్నాడు దీపక్.

ఇంటికి రాగానే ప్రేమకుమారిని గది చివర నిలబెట్టి తీశాడు. ఆమె ఫోటో చూసుకుని, "ఇదేంటండీ, నా మొహం ఇలా సాగిపోయింది?" అని గోల పెట్టింది. ఈ లెన్సులో అంచున ఉన్నవాళ్లంతా అలాగే సాగుతారు. ప్రకాశం మళ్లీ పచార్లు మొదలుపెట్టాడు. ఇన్నేళ్లకు మునివెంకటమ్మ మొహం పడబోతోంది, పడేది ఇలాగా? ఆవిడ మధ్యలో ఉండాలి. మధ్య కుర్చీ పాస్టరుగారిది.

పాస్టర్ జోనాగారి దగ్గర నీళ్లు నములుతూ విషయం చెప్పాడు. ఆయన నవ్వేశాడు. "నన్ను చివర వేసెయ్యవయ్యా. ఉన్నదే లావు. ఇంకాస్త సాగితే ఎవరికి తెలుస్తుంది?"

వార్షికోత్సవం నాడు మునివెంకటమ్మ రానంటే రానంది. ప్రేమకుమారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మధ్య కుర్చీలో కూలేసింది. ప్రకాశం గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, నిదానంగా రింగు తిప్పాడు. బొమ్మ కుదిరింది. ఎవరూ కదలకూడదని ఎడమ చెయ్యి పైకెత్తి, కుడిచేత్తో మీట నొక్కాడు.

"అయిపాయ కదప్పా" అంటూ ఆవిడ లేచి చెప్పుల దగ్గరికి పరిగెత్తింది.

కెమెరా తెర మీద ఫోటో చూసి ప్రకాశం తల పట్టుకున్నాడు. ఆ హాల్లో ఆరాధన చివర ఎదురుగా చెయ్యి లేచిందంటే పాస్టరుగారి ఆశీర్వాదమే. అలవాటుకొద్దీ సంఘమంతా తల వంచి కళ్లు మూసుకుంది. మళ్లీ తీద్దామంటే మునివెంకటమ్మ మెట్లు వదిలి రాలేదు. రెండో ఫోటోలో అందరూ చక్కగా నవ్వుతున్నారు, మధ్యలో పాస్టరుగారు.

పెద్దలంతా రెండోదే కట్టించమన్నారు. వారమంతా ప్రకాశం ఇంట్లో, స్కూల్లో, ఫ్రేముల షాపు ముందు తిరుగుతూనే ఉన్నాడు. చివరికి మొదటిదే కట్టించాడు. పెద్దలు ఏమంటారో అని ఆదివారం అందరికంటే ముందెళ్లి తగిలించాడు. మునివెంకటమ్మ చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"అందురూ కండ్లు మూసుకోని ఉండారే! నేనొక్కదాన్నే గుడ్లప్పగించి చూస్తా ఉండాను."

"చెయ్యెత్తితే ప్రార్థన అనుకున్నారమ్మా. నువ్వెందుకు మూసుకోలేదు?"

"నేనేనాడు మూసినానప్పా? మూస్తే చెప్పులు ఎవురు చూస్తారు?" కొంగుతో అద్దం తుడిచి, తన మొహాన్ని చాలాసేపు చూసుకుంది.

ప్రకాశం వెళ్లి పై మెట్టు మీద కూర్చున్నాడు. "ఈ పూట చెప్పులు నేను చూస్తాను. నువ్వు లోపలికెళ్లి కళ్లు మూసుకో" అన్నాడు.

ఆరాధన ముగిసేదాకా జ్ఞానప్రకాశం ఆ మెట్టు మీంచి లేవలేదు.