రీమాకి పెట్టిన మండీ

ఒక సలహా తొందరగా కావాలి, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను.

చాంగీ బిజినెస్ పార్క్‌లోని మా ఆఫీసులో కొత్తగా చేరిన రీమాది లెబనాన్. ఇంటి తిండి మీద బెంగగా ఉందంటే ఈ రోజు మండీ తెప్పించాను. హైదరాబాదులో చదివిన నాకు అరబ్బు భోజనమంటే మండీయే. పెద్ద పళ్లెంలో అన్నం, మటన్, చుట్టూ మేము.

రీమా ఇష్టంగా తిని అడిగింది. "చాలా బాగుంది. ఏ దేశం వంట?"

"మీదే కదా."

"ఇది యెమెన్ వాళ్లది. నేను తినడం ఇదే మొదటిసారి."

మా టీములోని గుంటూరు సురేష్ అన్న నన్ను వదల్లేదు. "నిన్న క్యాంటీన్ అంకుల్ నీకు నాన్ పెట్టి మీ ఇంటి తిండే అంటే మూతి ముడిచావుగా."

రీమా నవ్వి, "వచ్చే శుక్రవారం మా ఇంటి వంట నేను తెస్తాను, మీ ఇంటిది నువ్వు తే" అంది.

మా ఇంటిదంటే జొన్నరొట్టె. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. అమ్మ రొట్టెలు చేస్తుంటే పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, నేర్చుకోలేదు. గోంగూర పచ్చడి తీసుకెళ్లమంటాడు సురేష్ అన్న. నాకు లెబనాన్ ఎంత తెలుసో, ఆయనకు మా మహబూబ్‌నగర్ అంతే తెలుసు.

రొట్టె విరగకుండా ఎలా చేయాలో గురువారం సాయంత్రంలోగా చెప్పండి.