పూజలో పెట్టిన జాకీ

జాకీకి బొట్టు పెట్టింది మా అత్తే. పసుపు రాసి, కుంకుమ దిద్ది, బంతిపూల దండ తుంచి దాని మెడకు చుట్టింది. నవమి పొద్దున మా వెల్డింగు షాపులో ఉన్న సామానంతా అలాగే దేవుడి పటం ముందుకు చేరింది. రెంచీలు, సుత్తెలు, డ్రిల్లు, చివరికి బ్యాటరీ చార్జరు కూడా. మా ఇంట్లో పూజలో పెట్టిన పనిముట్టును దసరా ఒడిసేదాకా ఎవరూ ముట్టరు. ఏడాదంతా అన్నం పెట్టే ఇనుముకు ఒక్కరోజైనా విశ్రాంతి ఉండాలని మా అత్త అనేది. మాకు ఎన్నడూ లేని విశ్రాంతి ఇనుముకెందుకని నేను అనుకునేదాన్ని గానీ, ఆమె ఎదురుగా అనలేదు.

మా ఆయన మిలిటరీలో ట్యాంకుల మెకానిక్కు. సర్వీసు అయిపోయాక బోధన్ వచ్చి చెరుకు ట్రాలీలకు వెల్డింగు చేసుకుంటూ బతికాడు. ట్యాంకు ఇంజన్ల పక్కన నిలబడీ నిలబడీ ఒక చెవి దాదాపు పోయింది. ట్యాంకు మీద మనసు మాత్రం పోలేదు. విరిగిన ట్రాలీల ఇనుముతో, ఖాళీ ఉన్న సాయంత్రాలన్నీ ధారపోసి, రిమోటుతో నడిచే ట్యాంకు ఒకటి చేశాడు. బొమ్మే, కానీ చేతిలో పట్టుకునే బొమ్మ కాదు. మంచమంత పొడవు, పది యూరియా బస్తాల బరువు. జనవరి ఇరవై ఆరున బడి గ్రౌండులో దాన్ని నడిపితే పిల్లలు జెండాను వదిలేసి దాని వెంట పడేవారు. ఆ ఒక్కరోజు మా ఆయన ముఖం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. ఊళ్లో కొందరికి సవతి పోరు, నాకు ట్యాంకు పోరు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దాని దగ్గర ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. గ్రౌండు చుట్టూ తాడు కట్టకుండా కదిలించేవాడు కాదు. రిమోటు వేశాకే ట్యాంకు వేయాలి, ట్యాంకు ఆపాకే రిమోటు ఆపాలి. వెనక ఒక ఎర్ర బటన్ ఉండేది, దాన్ని గుద్దితే కరెంటు మొత్తం తెగిపోతుంది. ట్యాంకు నడిచినంతసేపూ దాని వెనకే నడుస్తూ ఆ బటన్ దగ్గర చెయ్యి పెట్టుకుని ఉండే ఉద్యోగం నాది. జీతం లేదు, తిట్లు మాత్రం ఉండేవి. ట్యాంకుకు ఎదురుగా ఎవరు వెళ్లాల్సి వచ్చినా ముందు దాన్ని స్టార్టు చేసే తాళం తీసి వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. "ఎవని కాళ్లు ముందట ఉన్నయో, తాళం వానికాడనే ఉండాలె," అనేవాడు. ఒకసారి బడి హెడ్‌మాస్టరు ఫొటో కోసం ముందు నిలబడతానంటే, ఆ సారు జేబులో తాళం పెట్టాకే నిలబడనిచ్చాడు.

ఇంకో నియమం ఉండేది. ట్యాంకులో ఏ చిన్న వైరు మార్చినా, దాన్ని జాకీతో లేపి, కింద చెక్క దిమ్మెలు పెట్టి, చక్రాల చుట్టూ ఉండే ఇనుప పట్టాలను గాలిలో తిప్పి చూడాలి. అవి తిరుగుతుండగా కావాలని రిమోటు ఆపేయాలి. అప్పుడు పట్టాలు వాటంతటవే ఆగాలి. రిమోటు చచ్చిపోతే ట్యాంకు ఆగుతుందా, లేక చివరగా విన్న మాట పట్టుకుని పోతూనే ఉంటుందా అన్నది తేలేది ఆ పరీక్షలోనే.

ఆ ఏడాది నవమికి ముందు రోజు చూస్తే, రిమోటు మాట వినే లోపలి డబ్బా వైర్లను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. మా ఆయన నిజామాబాద్ పోయి కొత్త డబ్బా తెచ్చి రాత్రికి బిగించాడు. పొద్దున లేచి పరీక్ష చేద్దామని వెళ్లేసరికి జాకీ పసుపు కుంకుమలతో దేవుడి ముందు ఉంది.

"అవ్వా, ఒక్క జాకీ తీస్త. పని కాంగనే మళ్ల ఆడ్నే పెడ్త," అన్నాడు.

"పూజల పెట్టినంక ముడుతవా బిడ్డా? మీ బాపు ఉన్నప్పుడు ఎన్నడన్న ముట్టిండా? రేపు దస్రా ఒడిసినంక తీస్కో."

కల్నల్ చెప్పినా వినని మనిషి తల్లి మాటకు తలొంచాడు. ఆ సాయంత్రం ట్యాంకును నేల మీదే నాలుగు అడుగులు ముందుకీ నాలుగు అడుగులు వెనక్కీ నడిపి చూశాడు. మంచిగానే నడిచింది. "నడుస్తుంది కదా, ఇంకేంటి," అన్నాను నేను. ఆయన ట్యాంకు ఆపి, తర్వాత రిమోటు ఆపాడు. అన్నం సరిగ్గా తినలేదు. చార్జరు కూడా పూజలోనే ఉంది కాబట్టి రిమోటుకు ఆ రాత్రి చార్జింగు పెట్టలేదు.

దసరానాడు షాపు ముందు బండ్ల పూజ. మోటారు సైకిల్ అయింది, ఆటో ట్రాలీ అయింది, చివర ట్యాంకు వంతు. వీధి చివర దుర్గమ్మ మండపంలో డీజే పెట్టారు. ఆ మోతకు మా కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. మా అత్త రెండు పట్టాల ముందూ నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పక్కకు జరిగింది. అప్పటిదాకా తాళం ఆమె చేతిలోని పళ్లెంలోనే ఉంది. దానికి కూడా బొట్టు పెట్టి కొడుక్కిచ్చింది. ఆయన రిమోటు వేశాడు, ట్యాంకు వేశాడు, మెల్లగా ముందుకు పోనిచ్చాడు. నేను నా ఉద్యోగంలో, ట్యాంకు వెనక ఉన్నాను.

ఎడమ పట్టా కింద నిమ్మకాయ నలిగింది. కుడి పట్టా ముందుది నలగకుండా పక్కకు దొర్లింది. నిమ్మకాయ నలగకపోతే ఏడాదంతా కీడని మా అత్త భయం. వంగి దాన్ని పట్టా కిందికి తోయబోయింది. ఆయన అది చూసి రిమోటు పుల్లను వెనక్కి లాగాడు. ట్యాంకు ఆగలేదు. మళ్లీ లాగాడు. రిమోటులో బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ తగ్గుతోందని అది కాసేపటి నుంచీ కూత పెడుతూనే ఉండి ఉండాలి. ఆ డీజేలో నాకే వినపడలేదు, చెవిలేని మనిషికి ఏం వినపడుతుంది? ట్యాంకు మాత్రం చివరగా విన్న మాట పట్టుకుని, ఏ తొందరా లేకుండా ముందుకే పోయింది.

ఆయన అరిచిన అరుపు నాకు వినపడలేదు, నోరు కనపడింది. బటన్ గుద్దాను. ట్యాంకు ఆగింది. మా అత్త కుడి పాదం మీద ఆగింది.

దాని మోటార్లు కరెంటు తీస్తే బిగుసుకుపోయే రకం. వాలు మీద దొర్లిపోకూడదని మా ఆయన ఏరి కోరి అవే పెట్టాడు. ఇప్పుడు దాన్ని ముందుకు తోసినా కదలదు, వెనక్కి లాగినా కదలదు. నలుగురం పట్టి ఎత్తబోయాం, జానెడు కూడా లేవలేదు. మా అత్త ఏడవలేదు, నిమ్మకాయ పట్టుకున్న చెయ్యితో నేలను కొడుతోంది. మా ఆయన లోపలికి ఉరికి జాకీ తెచ్చాడు. దాని మెడకు బంతిపూల దండ అలాగే ఉంది. పసుపుకు చేతులు జారుతున్నాయి. ఆ జారే చేతులతో జాకీ తిప్పుతూ, ఆయన ఏదో అంటున్నాడు. దగ్గరికి పోతే తెలిసింది, "అవ్వా, అవ్వా" అనే ఒక్క మాటే.

నిజామాబాద్ పోయే రోడ్డంతా సగందాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంబులెన్సు వాటిని తప్పించుకుంటూ నడిచింది. ఒక్కొక్క కుప్పనూ ఆ రైతునూ నేను మనసారా తిట్టాను. వాళ్లదేం తప్పు? వడ్లు ఎండాలి కదా. కానీ ఆ రోజు నాకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి.

మా అత్తకు షుగరు. మొదట వేళ్లు తీశారు. పుండు మానలేదు, చీలమండ పైదాకా తీశారు. నలభై ఏళ్లు రుద్రూర్ చేన్లల్లో చెరుకు కొట్టిన కాలు అది, పాము కాటుకు కూడా నిలబడింది. నేను కొంచెం ఆగి బటన్ గుద్దితే ట్యాంకు పాదం దాటి పోయేదేమోనని డాక్టరును అడిగాను. దాటిపోతే కాలు మొత్తం పోయేదన్నాడు. ఆయన నిజం చెప్పాడో, నా మనసు నిలపడానికి చెప్పాడో నాకు తెలియదు. మళ్లీ అడగడానికి భయమేసింది.

ఆ ఏడాది ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అది తిట్ల కన్నా బరువుగా ఉండేది. మా ఆయన ట్యాంకు మీద తార్పాలిన్ కప్పి తాడుతో కట్టేశాడు. జనవరి ఇరవై ఆరు వచ్చి పోయింది. బడి పిల్లలు వచ్చి అడిగితే అమ్మేశానని చెప్పాడు. తల్లికి కట్టు మార్చేది ఆయనే. ఆమె కళ్లలోకి చూడకుండా మార్చేవాడు. ఆమె కూడా గోడవైపే చూసేది. వాళ్లిద్దరి మధ్యా నేను చాయ్ గ్లాసులు మోసుకుంటూ తిరిగాను. ఇద్దరినీ పట్టి కుదిపేయాలన్నంత కోపం వచ్చేది, అంతలోనే ఏడుపొచ్చేది.

మళ్లీ నవమి వచ్చింది. ఈసారి పూజ వద్దని మా ఆయన షాపు షట్టరు దించాడు. మా అత్త వాకరు పట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

"సామాను తే. పూజ ఎందుకాపుతవు?"

ఆయన షట్టరు ఎత్తి ఒక్కొక్కటీ తెచ్చి పెట్టాడు. చివరికి జాకీ తెచ్చాడు. ఆమె పసుపు గిన్నె పక్కకు జరిపింది.

"గది ఇక్కడ పెట్టకు. దాంతోని పనుంది. ఆ ట్యాంకును లేపు."

"ఎందుకవ్వా?"

"ఆ పరీచ్చ ఏందో నాకు సూపియ్యి. నేను ముట్టద్దంటే ఆపినవు సూడు, గది."

ఆయన నా వైపు చూశాడు. నేనే తాడు విప్పి తార్పాలిన్ లాగాను. చార్జరును కూడా పూజలోంచి తీసి, రిమోటుకు, ట్యాంకుకు చార్జింగు పెట్టి, ఎక్కేదాకా కూర్చున్నాం. ఆయన జాకీతో ట్యాంకును లేపి దిమ్మెలు పెట్టాడు. మా అత్త కుర్చీ వేయించుకుని ఎదురుగా, దూరంగా కూర్చుంది. నేను ఎర్ర బటన్ దగ్గర నిలబడ్డాను. పట్టాలు గాలిలో తిరగసాగాయి. అప్పుడు ఆయన రిమోటు ఆపేశాడు.

పట్టాలు ఆగలేదు. తిరుగుతూనే ఉన్నాయి. ఆయన ఆపేసిన రిమోటును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మా అత్త వాటినే చూస్తూ కూర్చుంది. ఆమెకు చాలనిపించేదాకా నేను బటన్ గుద్దలేదు. ఆమె చెయ్యెత్తాక గుద్దాను.

"గింతేనా?" అంది. "గింత పనికేనా నేను వద్దన్నది?"

ఆయన అక్కడే నేల మీద కూలబడి, ఏడాది తర్వాత, గట్టిగా ఏడ్చాడు. ఆమె దగ్గరికి రమ్మని పిలిచింది కానీ ఆయన లేవలేకపోయాడు. ఆమే వాకరు అందుకుని లేచి, ట్యాంకు ఎదుటి నుంచే కొడుకు వైపు నడవబోయింది.

"ఆగు అత్తా," అన్నాను. ట్యాంకులో నుంచి తాళం తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను.