ముగ్గురు థ్యాంక్‌ఫుల్‌లు

నా చిన్నప్పుడు కెనడాలోని హామిల్టన్‌లో మా వీధి మొత్తానికి తెలుగువాళ్లం మేమొక్కరమే. నాన్న ఆసుపత్రిలో డాక్టరు, అమ్మ యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసేది. బడి వదిలాక వాళ్లు వచ్చేదాకా నన్ను పక్కింటి మామ్మగారు చూసుకునేవారు. ఎనభై దగ్గర పడిన ఒంటరి మనిషి. ఆవిడకు ఒకటే పిచ్చి, తమ వంశవృక్షం. భోజనాల బల్ల నిండా కాగితాలే. నాకు బిస్కట్ల ప్లేటు పెట్టాలంటే ఒక తరాన్ని అటు జరపాల్సి వచ్చేది.

వాళ్ల మూలపురుషుడు ఇంగ్లండులో ఏదో పల్లె నుంచి ఓడెక్కి మసాచుసెట్స్ చేరాడట. అప్పటికింకా అమెరికా అనే దేశం లేదు, అదంతా ఇంగ్లండు వాళ్ల వలస రాజ్యమే. అక్కడ నాలుగైదు తరాలు సేద్యం చేసుకుని బతికాక అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. వీళ్లు ఇంగ్లండు రాజుగారి పక్షం పట్టారు. రాజుగారు ఓడిపోయారు. దాంతో ఉన్నదంతా వదులుకుని, ముగ్గురు కొడుకులతో హామిల్టన్ ఉన్న ఈ ఒంటారియోకి వచ్చిపడ్డారు. ఇదంతా మామ్మగారు నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్పేవారు.

ఆ ముగ్గురు కొడుకుల తల్లి దగ్గరకు రాగానే మాత్రం ఆవిడ గొంతు మారిపోయేది. మగవాళ్ల పేర్లన్నీ దొరికాయి. ఆ తల్లి గురించి ఏ కాగితం తిరగేసినా 'అతని భార్య' అనే రెండు మాటలే. "ఇల్లూ వాకిలీ వదిలేసి, పిల్లల్ని వెంటేసుకుని అంతదూరం వచ్చిన మనిషి. ఆమె పేరు తెలియకుండానే నేను పోతానేమో" అన్నారు ఒకసారి. తొమ్మిదేళ్లదాన్ని, నాకే గుండె కలుక్కుమంది.

ఒకరోజు మా అమ్మ నన్ను తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలోంచే "పాపాయీ" అని పిలిచింది. బడిలో నీకు వేరే పేరుంది కదా, మీ అమ్మ ఆ పేరుతో ఎందుకు పిలవదని మామ్మగారు అడిగారు. బడిలో పేరు మా నాయనమ్మదనీ, అత్తగారి పేరు కోడలు పలకకూడదనీ చెప్పాను, లోకమంతా అంతే అన్న ధీమాతో. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను! మా పెదనాన్న కూతురిదీ, బాబాయి కూతురిదీ కూడా అదే పేరనీ, ఊరెళ్లినప్పుడు ముగ్గురం ఒకచోట చేరితే ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియక చచ్చే చావవుతుందనీ చెప్పుకొచ్చాను.

మామ్మగారు ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత గబగబా కాగితాల్లోంచి పాత చర్చి రిజిస్టరు నకలు ఒకటి లాగారు. ఆ ముగ్గురు అన్నదమ్ములకూ ఒక్కో కూతురు. ముగ్గురి పేరూ థ్యాంక్‌ఫుల్! ఇదేం పేరని పడీపడీ నవ్వాను. ఆ కాలంలో అక్కడ ఆడపిల్లలకు ఓర్పు, కృతజ్ఞత అంటూ ఇలాంటి పేర్లే పెట్టేవారట. ఆ అన్నదమ్ముల తండ్రి వైపు అంతకుముందు ఏ తరంలోనూ ఆ పేరు లేదు. ఇన్నేళ్లూ ఆవిడ దాన్ని ఆనాటి ఫ్యాషన్ అనుకుని వదిలేశారు.

ఇంకేం, మాలాగే వాళ్లకూ నాయనమ్మ పేరే పెట్టి ఉంటారు, పెన్నుతో రాసేయమన్నాను. ఆవిడ పెన్సిలు తీసి, సన్నగా రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఇంత కనిపెట్టి ఇస్తే పెన్సిలా? రెండ్రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ పొరపాటున ఇంకొకరి పేరు ఆమెకు తగిలించామనుకో, ఇక ఆమె ఎప్పటికీ దొరకదు" అన్నారు మామ్మగారు.

మసాచుసెట్స్‌లోని వాళ్ల పూర్వీకులు ఉన్న ఊరికి ఉత్తరం రాసి, పాత పెళ్లిళ్ల రిజిస్టరులో ఆ పేరు వెతకమని అడిగారు. ఆ తండ్రి పేరున్న మగవాళ్లు అక్కడ చాలామంది కావడంతో ఏ పెళ్లి ఆయనదో ఇదివరకు తేలలేదట. చలికాలమంతా ఎదురుచూపులతోనే సరిపోయింది. మంచు కరిగే రోజుల్లో ఒక శనివారం ఆవిడ కోటు కూడా లేకుండా, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురద తొక్కుతూ మా ఇంటికి వచ్చారు, ఉత్తరం ఊపుకుంటూ. పెళ్లికొడుకు పేరు పక్కన థ్యాంక్‌ఫుల్ అని ఉంది. మా అమ్మను కావలించుకుని ఏడుపూ నవ్వూ కలిపేశారు. సంగతేమిటో తెలియకపోయినా అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. ఆ పేరును సిరాతో దిద్దే పని మామ్మగారు నాకే ఇచ్చారు. పెన్ను గట్టిగా నొక్కేసరికి చివరి అక్షరం మీద మరక పడింది. చెరపబోతే ఒప్పుకోలేదు.

కథంతా విన్నాక అమ్మ, అత్తగారు సముద్రాల అవతల ఉన్నా సరే, ఒకసారి చుట్టూ చూసుకుని నా పేరు పైకి పలికింది. పలికి నాలుక కరుచుకుంది. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో చెప్పలేను.

ఇప్పుడు నేనూ మనవలున్నదాన్నే. మా బేస్‌మెంట్‌లో ఎప్పుడూ ఎవరో ఒక స్టూడెంట్ అద్దెకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు టీ ఇచ్చి నేనడిగే మొదటి మాట, మీ నాయనమ్మ పేరేమిటని. మామ్మగారి దగ్గర అబ్బిన అలవాటు, ఇక పోదు. చాలామంది తెల్లముఖం వేస్తారు. మొన్న కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి తనకూ తెలియదని సిగ్గుపడిపోయి, అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"నా పేరు ఎవలకు గావాలె బిడ్డా?" అంది అవతల వాళ్ల నాయనమ్మ.

"నాకు కావాలమ్మా, చెప్పండి" అన్నాను.

ఆవిడ గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది, పుట్టింటి వాళ్ల ఇంటిపేరుతో సహా.