ముసలి బడి

నాకు అక్షరాలు యాభై ఆరేళ్ళకు వచ్చాయి. జగ్గయ్యపేటలో మా వీధి చివర వయోజన విద్యా కేంద్రం పెడితే పలక పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. వీధిలోవాళ్ళు దాన్ని ముసలి బడి అనేవారు. "ఏమ్మా, ముసలి బడికేనా? క్యారేజీ కట్టుకున్నావా?" అని అరుగుల మీద నుంచి అడిగేవారు. నేనూ ఊరుకోలేదు, తిట్టాను. కానీ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

మా ఆయన పోయాక పై గది అద్దెకిచ్చాను. ఒక అమ్మాయి దిగింది. నందిగామలో బట్టల షోరూములో పని. పొద్దున్నే బస్సెక్కేది, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. కస్టమర్ల దగ్గర "బాగుందండి" అంటే చాలదని, ఇంగ్లీషు మాటలు అనాలని మేనేజరు ఒక కాగితం ఇచ్చాడట. అది తెచ్చి నా ముందు వల్లె వేసేది. నేను కస్టమర్ని.

"మేడమ్, ఈ చీర చాలా ట్రెండీ అండి."

"అంటే?"

"ఇప్పుడు అందరూ ఇదే కడుతున్నారని."

"అందరూ కడితే నాకెందుకే? అందరూ కుళాయి దగ్గర కొట్టుకుంటున్నారు, నేనూ పోనా?"

"అబ్బా మామ్మగారూ, మీలాంటి కస్టమర్ వస్తే నా ఉద్యోగం ఊడుతుంది!"

ఆమె చెప్పినవి నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. ఎలిగెంట్ అంటే ఆర్భాటం లేని అందం. స్టైలిష్ అంటే ఏది కట్టినా నప్పే మనిషి. అవుట్‌డేటెడ్ అన్న చోట నేనే అర్థం చెప్పాను, "నాలాంటిది" అని. "మీరు కాదు లెండి" అంది.

నిజానికి ఆ మాటలతో నాకేం పని? ఆ గంటసేపు ఎదురుగా ఒక మనిషి కూర్చునేది. అంతే.

ఒక ఆదివారం ఆమె స్నేహితురాలు వచ్చింది. కాఫీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కుతుంటే లోపలి నుంచి వినబడింది. "మా మామ్మగారా? పక్కా ఓల్డ్ స్కూల్!" ఇద్దరూ నవ్వారు.

ఓల్డ్ అంటే ముసలి. స్కూల్ అంటే బడి. ఆ రెండూ నాకు కాగితం లేకుండానే తెలుసు. నా చదువు సంగతి ఆ అమ్మాయికి నేనే చెప్పుకున్నాను.

"లేటుగా చదువుకుంటే నవ్వులాటా నీకు? గది ఖాళీ చెయ్."

"అయ్యో, అది కాదండి మామ్మగారూ, అంటే..."

"ఇక నాకు అర్థాలు చెప్పకు."

నెల తిరక్కుండా నందిగామ హాస్టలుకు మారిపోయింది. తాళం చేతికిస్తుంటే నేను తలెత్తలేదు.

మొన్న జాకెట్టు గుడ్డ కోసం నందిగామ వెళ్ళాను. పేటలో దొరకదా? దొరుకుతుంది. అయినా ఆ షోరూముకే వెళ్ళాను. కౌంటర్లో వేరే పిల్ల ఉంది. మోచేతుల దాకా ఉన్న నా జాకెట్టు చేతులు చూసి, "భలే ఉందండి, ఓల్డ్ స్కూల్!" అంది.

"ఏ బడే?" అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయింది. "బడి కాదండి. పాత పద్ధతి వదలకుండా దర్జాగా ఉండేవాళ్ళని అలా అంటాం. పొగడ్తేనండి."

మా పై గదిలో ఉన్న అమ్మాయి గురించి అడిగాను. ఇక్కడ మానేసి బెజవాడలో షాపులో చేరిందట. గుడ్డ కొనకుండానే వచ్చేశాను.

నోటుబుక్కు చివరి పేజీలో ఆమె రాసిచ్చిన నంబరు ఉంది. చేశాను.

"హలో, ఎవరండీ?"

నా నంబరు తీసేసినట్టుంది. పేరు చెబితే సరిపోయేది. నోటికి వేరే మాట వచ్చింది. "ఓల్డ్ స్కూల్‌ని."

వెనక ఎవరో చీర గురించి బేరమాడుతున్నారు.

"మామ్మగారా? కస్టమర్లు ఉన్నారండి. మళ్ళీ చేస్తా."

తప్పు నాదే అని చెప్పేలోపే పెట్టేసింది.

నోటుబుక్కులో ఓల్డ్ స్కూల్ అని రాసి, పక్కన అర్థం రాయకుండా వదిలేశాను. అది ఆ అమ్మాయి చెబితే రాయాలి. నాలుగు రోజులైంది, ఫోను రాలేదు. పై గదికి టులెట్ బోర్డు ఇంకా పెట్టలేదు.