మా అత్త, చాతం బస్సు

మా మేనత్త విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆ ఏడాదే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంటికి వచ్చింది. హాడో రేవులో దిగీ దిగగానే ఆమె అడిగిన మొదటి మాట:

"ఏటే కోడలా, ఈ ఊళ్లో మెట్రో రైలుందేటి?"

"అసలు రైలే లేదత్తా. బస్సులున్నాయి, ఆటోలున్నాయి. నా స్కూటీ ఉంది."

"స్కూటీ మీద నాకేటి కనిపిస్తాది, నీ ఈపు తప్ప! నడుద్దాం. కాళ్లు నొప్పెడితే బస్సెక్కుదాం."

నేను ఈ ఊళ్లోనే, మిడిల్ పాయింట్ పేటలో పుట్టాను. మా నాన్న పెట్టిన స్టేషనరీ షాపు అక్కడే ఉంది, ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. బడి చదువు అయ్యాక అబర్డీన్ బజారుకు నడిచి వెళ్లిన గుర్తే లేదు. ఆ ఆదివారం పొద్దున షాపు తెరవకుండా అత్త వెనక నడిచాను. నిజంగా వెనకే. ఎత్తుపల్లాల రోడ్డు మీద ఆమె నాకంటే పదడుగులు ముందుండేది. మలుపు తిరిగినప్పుడల్లా రెండు ఇళ్ల మధ్య సముద్రం ముక్క కనిపించేది. ఆమె ఆగి చూసేది. నేనూ ఆగేదాన్ని. స్కూటీ మీద అక్కడ హారన్ కొట్టడం తప్ప తల తిప్పింది లేదు.

బజారులో గడియారం స్తంభం దగ్గర టీ తాగి, సెల్యులార్ జైలు దాకా ఎక్కాం. అత్త ఒక గదిలోకి వెళ్లి వచ్చి, తలుపు గడియ ఎక్కడుందో వెతికింది. అది తలుపు మీద లేదు. పక్క గోడలో, లోపలివాడి చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉంది. దాని మీద వేళ్లు పెట్టి చాలాసేపు నిలబడింది. అక్కడి నుంచి మెరీనా పార్కు దాకా ఈసారి ఆమే నా వెనక నడిచింది.

అక్కడ చాతం రేవుకు వెళ్లే బస్సెక్కాక మాత్రం ఆమె మళ్లీ మామూలు మనిషైంది. జనం మెట్ల దగ్గరే కిక్కిరిసి ఉన్నారు, లోపల ఖాళీగా ఉంది. కండక్టరు "అందర్ చలో భయ్యా" అని మెల్లగా అంటున్నాడు. ఎవరూ కదలడం లేదు. అత్త సీటు కమ్మీ మీద రెండుసార్లు కొట్టి లేచింది.

"జరగండి! లోపలికి జరగండమ్మా! ఎనకంతా కాళీయే!"

ఆ బస్సులో తెలుగు వచ్చినవాళ్లు నలుగురైనా ఉన్నారో లేదో. బస్సు మొత్తం జరిగింది. కండక్టరు తెల్లబోయి చూశాడు.

"దీదీ, ఆప్ భీ కండక్టర్ హై క్యా?"

అత్త బదులు నేను అవునన్నాను. అతను టిక్కెట్ల సంచీ సర్దుకుని నమస్కారం పెట్టాడు. అత్త సిగ్గుపడింది. అలా సిగ్గుపడటం నేనెన్నడూ చూడలేదు. "ఇన్నేళ్లూ నిలబడే తిరిగానే, కిటికీ పక్కన కూకోడం ఇదే," అని కూర్చుని, హాడో గుండా పోతుంటే క్రేన్లనూ ఓడలనూ కళ్లప్పగించి చూసింది. ఆ క్వార్టర్ల వీధులు, తడిసిన రేకు కప్పులు, ఓడరేవు గేటు నేను రోజూ చూసేవే. ఆమె పక్కన కూర్చుంటే నా ఊరు ఇంత బాగుంటుందా అనిపించింది.

మర్నాడు నేను లేచేసరికి అత్త ఇంట్లో లేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది. మధ్యాహ్నం దాకా షాపులో కూర్చోలేకపోయాను. మూడింటికి చీర కుచ్చిళ్ల నిండా ఇసుకతో వచ్చింది. ఒక్కతే బస్సెక్కి, ఊరికి చాలా దూరంలో ఉన్న వండూర్ బీచ్ దాకా పోయి వచ్చిందట.

"హిందీ ఒక్క ముక్క రాదు, ఎలా వెళ్లావత్తా?"

"బస్సెక్కడానికి హిందీ ఏటికే?" అంది కాళ్లు కడుక్కుంటూ. "రేపు నువ్వూ రా. ఎనిమిదింటికి బస్సుందట."