శైలు ఆకలి, నా కుళ్ళు

నిన్న పొద్దున ఏడింటికి చిన్నమ్మ ఫోన్.

"శైలు ఎల్లిపోయింది మే" అనింది. అంతే.

కాల్ కట్ అయ్యాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

శైలజ మా చిన్నమ్మ కూతురు. నాకంటే మూడు నెలలు చిన్నది. పాంక్రియాస్ వాచి, తిరుపతిలో నాలుగు రోజులు ఐసీయూలో ఉండి చనిపోయింది.

నిజం చెప్పనా? ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. లావుగా ఉన్న నేనే ముందు పోతానని ఇంట్లో అందరి లెక్క. దాంట్లో కూడా తనే ఫస్ట్.

ఇలాంటి పోస్ట్‌లో ఇది రాయకూడదని తెలుసు. కానీ కుళ్ళు లేకుండా శైలు గురించి రాయడం నాకు చేతకాదు.

చిన్నప్పుడు బంగారుపాళ్యంలో మామిడి సీజన్. అవ్వ బేనీషా కోసి చెక్కలన్నీ శైలు ముందు పెట్టేది. నాకు టెంక.

"నువ్వు సూస్తేనే లావైతావు. ఇది చీక్కో" అనేది.

శైలు ఆరు పండ్లు తిని ఏడోది అడిగేది. చేతులు మాత్రం నరాలు తేలి పుల్లల్లా ఉండేవి. ఏ డ్రెస్ వేసినా బాగుండేది. నేను టెంక చీకుతూ తననే చూసేదాన్ని.

పోయినేడాది ఇద్దరం కలిసి బ్లడ్ టెస్టులు చేయించుకున్నాం. నా రిపోర్ట్ అంతా నార్మల్. శైలుకు షుగర్, కొవ్వు రెండూ భయంకరంగా ఉన్నాయి.

చిన్నమ్మ మా ఇద్దరినీ ఒకసారి చూసింది.

"పేర్లు తారుమారు చేసినారు మే. మనిషిని సూస్తేనే తెలీడంలా?"

అందరూ నవ్వారు. శైలు కూడా నవ్వింది. నేనూ నమ్మాను. కాగితాలు మార్చుకున్నాం.

తన జబ్బుకు నేను మూడు నెలలు నెయ్యి లేని సంగటి తిన్నాను. ఎదురుగా కూర్చుని శైలు పూరీలు తినింది. జబ్బులు కూడా తన జోలికి పోవు కదా అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.

తర్వాత కడుపునొప్పితో పడిపోయింది. మళ్ళీ రక్తం తీశారు. ట్యూబ్‌లో పైన మీగడలా తెల్లగా కొవ్వు తేలింది. పేర్లు ఎవరూ తారుమారు చేయలేదు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. తిన్న కొవ్వును దాచుకునేవి కొవ్వు కణాలే. చాలు అని మెదడుకు కబురు పంపేదీ అవే, లెప్టిన్ అనే హార్మోన్‌తో. శైలుకు ఆ కణాలే సరిగా లేవు. చాలా అరుదైన జబ్బు. దాచే చోటు లేక కొవ్వంతా లివర్‌లోకి, రక్తంలోకి చేరింది. కబురు అందక ఆకలి తీరలేదు.

"మరి నాకు, మేడమ్?"

"మీ కణాలు కబురు పంపుతూనే ఉన్నాయమ్మా. మీ మెదడే సరిగా వినిపించుకోవడం లేదు."

ఆ తర్వాత మందులు, నూనె లేని తిండి. అయినా పోయిన వారం నొప్పి తిరగబెట్టింది. నేను చేసిన ఆ మూడు నెలల పథ్యం తనకు దక్కి ఉంటే ఏమయ్యేదో. నిన్నటి నుంచి నాకు అదే ఆలోచన.

మొదటిసారి పడిపోయినప్పుడు హాస్పిటల్ బెడ్ మీద శైలు నాతో ఒక మాట అనింది.

"నాకు యాపొద్దూ కడుపు నిండలా మే. చెయ్యి కడుక్కునేటప్పుడే మళ్ళా ఆకలి. నువ్వు రెండిడ్లీలకే సాలంటావు సూడు, నాకెంత కుళ్ళుగా ఉంటాదో తెల్సా?"

నేను చాలన్నది కడుపు నిండి కాదు. మూడోది అడిగితే అందరూ చూస్తారని.

ఆ సంగతి తనకు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శైలు నన్ను చూసి కుళ్ళుకుంది. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నా శైలూ. నాకూ ఎప్పుడూ నిండలేదే. ఇన్నేళ్ళూ ఇద్దరం ఆకలితోనే ఎదురెదురుగా కూర్చున్నాం.

ఆకలి లేని చోటికి నాకంటే ముందే వెళ్ళిపోయావు. దానికీ కుళ్ళే.

ప్రశాంతంగా నిద్రపో, చెల్లీ.