హైవే దగ్గర ఆగిపోయిన తల్లి ఏనుగు

సుంగై సిపుట్ ఊరు దాటాక అడవి అంచున మా పెదనాన్నకి చిన్న తోట ఉంది. సగం ఆయిల్ పామ్, సగం డురియన్ పండ్ల చెట్లు. నేను ఏనుగుల మీద పరిశోధన చేస్తున్నానని చుట్టాలందరి దగ్గరా ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు, ఏనుగులు ఆయన తోటలోకి వచ్చేదాకా.

వచ్చినవి ఒక ఆడ ఏనుగు, దాని గున్న. తల్లి మెడకి జీపీఎస్ పట్టీ కట్టింది మేమే. అది ఎక్కడ తిరిగినా నా కంప్యూటర్ మ్యాపు మీద ఒక చుక్క పడుతుంది. లేత పామ్ మొక్కల మొవ్వులు పీకి తినేసిన పొద్దున పెదనాన్న ఫోన్ చేసి, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి అరిచాడు.

"నీ ఏనుగు నా తోటంతా తినేసినాది. ఏటి సేస్తావో సెయ్యి లా!"

కరెంటు కంచె వేద్దామన్నాను. చుట్టుపక్కల తోటలవాళ్ళూ కలిస్తేనే అది పనిచేస్తుంది. కంచెకి ఎవరూ కలవలేదు గానీ ఫిర్యాదుకి అందరూ కలిశారు. దాంతో అటవీ అధికారులు ఏనుగుని పట్టి ఉత్తరాన పెద్దడవిలో వదలాలని తేల్చేశారు. తల్లీబిడ్డల్ని విడదీయొద్దని వాళ్ళ తరలింపు బృందాన్ని బతిమాలాను. సరేనన్నారు. తీరా మత్తు సూది తగిలి తల్లి తూలేసరికి గున్న బెదిరి అడవిలోకి పారిపోయింది.

"గున్న దొరికేదాకా ఆగండి," అన్నాను.

"మత్తులో ఎంతసేపు ఉంచుతాం? దీని ప్రాణానికే ముప్పు," అన్నారు. అదీ నిజమే. తల్లిని లారీ ఎక్కించేశారు.

వదిలిన మర్నాటి నుంచే చుక్క దక్షిణానికి కదిలింది. ఇంటివైపే. అడవిని రెండుగా చీల్చిన హైవే దాకా వచ్చి ఆగింది. రోడ్డు వెంట అటు కొంత దూరం, ఇటు కొంత దూరం. దాటదు, వెనక్కి పోదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని "దాటవే తల్లీ" అని పైకే అనేదాన్ని. మళ్ళీ లారీలు గుర్తొచ్చి "వద్దులే" అనేదాన్ని.

అంతలో పెదనాన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ఆ గున్న ఇంకా వస్తన్నాదమ్మా. మొక్క ముట్టదు. వాళ్ళమ్మని లాక్కెళ్ళిన కాడ నిలబడి అరుస్తన్నాది. ఆ తల్లిని తిరిగి తెప్పించలేవా?"

"నా చేతుల్లో ఏముంది పెదనాన్నా?"

"మరి ఇన్నేళ్ళు ఏటి సదివినావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఫిర్యాదు చేసినవాళ్ళలో మీరూ ఉన్నారు కదా!" అనేశాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఒకరోజు చుక్క కదలడం మానేసింది. వెళ్ళి చూస్తే రోడ్డు పక్క పొదల్లో తెగిన పట్టీ ఒక్కటే దొరికింది. నెత్తురు లేదు, ఏనుగు లేదు. రోడ్డు దాటిందో, వెనక్కి మళ్ళిందో ఇప్పటికీ తెలియదు. గున్న మాత్రం కొంతకాలానికి మేం అడవిలో పెట్టిన కెమెరాకి చిక్కింది. వేరే మంద వెనకాల, బాగా చిక్కిపోయి, కాస్త ఎడంగా నడుస్తోంది.

సమీక్ష సమావేశంలో తరలింపు విజయవంతమైందన్నారు. ఫిర్యాదులు ఆగిపోయాయి కదా అన్నారు. గున్న సంగతేమిటని లేచి అడిగాను. దాన్ని మనం తరలించలేదు కదా అన్నారు.

ఈమధ్య పెదనాన్న తన తోట వరకూ కంచె వేయించుకున్నాడు. ఇప్పుడు ఇంకో మంద పక్క తోటలోకి దిగుతోంది. పోయిన వారం ఆ పక్కాయన ఫిర్యాదు చేశాడు.